అనంతమ్మ ఎడమ చేయి

మంఖాల్‌లో మేము కిరాయికి ఉంటున్న ఇంటి కింది వాటాలో అనంతమ్మ ఉంటుంది. ఇల్లు ఆమె కొడుకు గోవర్ధన్‌ది. కొడుకూ, కోడలు సుమలతా పొద్దున్నే డ్యూటీలకు పోతే సాయంత్రం దాకా కింద ఉండే మనిషి ఆమె ఒక్కతే. వాకిట్లో మునగచెట్టు పక్కన ఆమె నులక మంచం. గోడకు ఆనుకుని కూర్చుంటుంది. ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకుంటుంది, ఎవరో తమ పసిపిల్లను కాసేపు చూస్తుండమని ఇచ్చి వెళ్లినట్టు.

ఆ చేయి పడిపోయి మూడేళ్లయింది. దండెం మీద బట్టలు ఆరేస్తూ కూలబడిందట. దవాఖానలో పది రోజులు ఉంచారు. మాట తిరిగి వచ్చింది. కాలు ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేసేంత వచ్చింది. చేయి మాత్రం రాలేదు. కసరత్తులు చేయించే అమ్మాయి నెల రోజులు వచ్చి వెళ్లింది. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు, ఆమె రాలేదు.

అనంతమ్మ పుట్టుకతో ఎడమచేతి వాటం మనిషి. కొడవలి ఆ చేత్తోనే పట్టింది. నాట్లు వేసేటప్పుడు వరుసలో అందరూ ఒక దిక్కు వంగితే ఈమె ఇంకో దిక్కు వంగేదట. ఎడమచేత్తో వడ్డించిందని అత్తగారు మూడు పూటలు అన్నం ముట్టలేదట. వాళ్ల పొలం విమానాశ్రయం కింద పోయాక, అదే విమానాశ్రయం రోడ్డు పక్కన పెంచే పచ్చగడ్డికి నీళ్లు పట్టే పనిలో కుదిరి, పదేళ్లు ఆ చేత్తోనే పైపు లాగింది. భర్త బుచ్చయ్య చనిపోయింది ఆ పదేళ్లలోనే. "ఆయన పోయినంక నాకు సోపతి గీ చెయ్యే ఉండె బిడ్డా. ఇదీ పాయె," అని నాతో ఒకసారి నవ్వుతూ చెప్పింది.

గోవర్ధన్ చెడ్డవాడని ఈ వీధిలో ఎవరూ అనరు. తాగడు. తల్లికి మందులు తప్పకుండా తెస్తాడు. పొద్దున బండి తీస్తూ "తిన్నవా అమ్మా?" అని అడుగుతాడు. ఆమె జవాబు చెప్పేలోపు బండి గేటు దాటేస్తుంది.

అతని ఉద్యోగం విమానాశ్రయంలో పక్షులను తరమడం. రన్‌వే పక్క గడ్డిలోకి కొంగలు, గద్దలు దిగకుండా టపాకాయలు పేల్చే గుంపులో అతనొకడు. పక్షులు పురుగుల కోసం వస్తాయి కాబట్టి, గడ్డిలో ఏ నెలలో ఏ పురుగులు ఉన్నాయో ఫొటోలు తీసి పంపమని ఎప్పుడో వాళ్ల సూపర్‌వైజర్ అతని చేతికి ఒక కెమెరా ఇచ్చాడు. అక్కడ పట్టుకుంది ఆ పిచ్చి. కొన్నాళ్లకు సొంత కెమెరా కొనుక్కున్నాడు. గడ్డి మీద కూర్చున్న పురుగు అతనికి ఆనలేదు. గాలిలో ఉన్నప్పుడే కావాలి.

అది మామూలు విద్య కాదు, నేను చూశాను. తేనెటీగ రెక్క ఒక సెకనులో రెండు వందల సార్లకు పైగా కొట్టుకుంటుంది. మన కంటికి కనిపించేది పొగ మాత్రమే. ఆ పొగను ఆపాలంటే సెకనులో ఇరవై వేలవ వంతు సేపు మాత్రమే వెలిగి ఆరే ఫ్లాష్ కావాలి. అంత దగ్గర నుంచి తీస్తే ఫొటోలో స్పష్టంగా ఉండే మందం ఒక బియ్యపు గింజంత కూడా ఉండదు. పురుగు ఆ సన్నటి పొరలోకి వచ్చిన క్షణంలోనే మీట నొక్కాలి. గోవర్ధన్ పాత బిర్యానీ డబ్బా మూతలు కోసి ఫ్లాష్‌కు తొడిగాడు. తేనెటీగలను స్టీలు గ్లాసుతో మూసి పట్టి, ఫ్రిజ్‌లో అయిదు నిమిషాలు పెట్టి మందగింపజేసేవాడు.

"పెరుగు గిన్నె పక్కన ఈగలు! రేపు ఈగల పులుసు వండి పెడ్త, తిను," అనేది సుమలత.

"వండు. ఫొటో తీసుకొని తింట."

వీధిలో అతన్ని ఈగల గోవర్ధన్ అనేవారు. కిరాణా దుకాణం రాజయ్య అయితే అతను కనిపించగానే బెల్లం డబ్బా మీద ముసిరినవాటిని చూపించి, "మీ చుట్టాలొచ్చిన్రు అన్నా, జర పలకరించిపో," అనేవాడు. గోవర్ధన్ నవ్వేవాడు. పట్టించుకునేవాడు కాదు. ఎందుకంటే అప్పటికి అతని మనసులో ఒకే ఒక్క ఫొటో ఉంది.

దాని గురించి అతనికి చెప్పింది నేనే. తేనెటీగ ముల్లుకు వెనక్కి వంగిన కొక్కేలు ఉంటాయనీ, మనిషి చర్మంలో దిగితే తిరిగి రాదనీ, ఈగ పైకి లేస్తే దాని కడుపులోని నరం దారంలా సాగి తెగుతుందనీ, ముల్లూ విషపు తిత్తీ చర్మంలోనే ఉండిపోయి ఇంకో నిమిషం దాకా విషాన్ని లోపలికి తోస్తూనే ఉంటాయనీ చెప్పాను. కాగితం మీద గీసి చూపించాను కూడా. బీఎస్సీలో నాకు ఇష్టమైన పాఠం అది. అతను ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అంటే మేడం, ఈగ గాలిల ఉంటది, దారం కింద చర్మానికి ఉంటది. అట్లనా?"

"అంతే. తెగేలోపు ఒక్క క్షణం."

"గదే కావాలె," అన్నాడు.

ఈగ అలా ఎగరాలంటే ముందు ఎవరినో కుట్టాలి. మొదట తన చేతినే పెట్టాడు. ఇరవైసార్లకు పైగా కుట్టించుకున్నాడు. కుట్టిన వెంటనే ఎంత బిగబట్టినా చేయి అదురుతుంది, అది మన మాట వినదు. అదిరితే ఆ సన్నటి పొర తప్పిపోతుంది. పైగా ఒంటిచేత్తో కెమెరా నిలవదు. భార్యను అడిగాడు.

"సుమా, నీ చెయ్యి జర ఇయ్యి."

"పెండ్లి నాడు ఒకసారి ఇచ్చి గిట్ల పరేషాన్ అయితున్న. ఇగ ఇయ్య."

శివరాత్రి వెళ్లిన ఆదివారం అతను మునగపూల దగ్గర కెమెరా పెట్టుకుని కూర్చున్నాడు. నేను పై నుంచి చూస్తున్నాను. ఒక తేనెటీగ అనంతమ్మ చీర మడతలో ఇరుక్కుని, బయటకు రాలేక, ఆమె ఎడమ మణికట్టు మీద కుట్టింది. కుట్టి, అక్కడే రెండు మూడు చుట్లు తిరిగి, గుంజుకుని లేచింది. చేయి మంచం మీద కట్టెలా పడి ఉంది. గోవర్ధన్ మీట నొక్కడం మరిచిపోయాడు. గబగబా వచ్చి మంచం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. తల్లి మొహంలోకి మొహం పెట్టి చూశాడు. మూడేళ్లలో అంత దగ్గరగా రాలేదట.

"అమ్మా, నీకు తెల్వలే?"

"ఏంది కొడుకా?"

"ఈగ కుట్టింది గద."

"అవునా, ఎప్పుడు?" అంది అనంతమ్మ.

అతను ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముంజేయి, మణికట్టు, వెలుతురు ఎటు పడుతుందో అన్నీ చూశాడు. అతని కళ్లు మెరిశాయి.

ఆ తర్వాతి ఆదివారం నుంచి మొదలైంది. పొద్దున ఎనిమిదింటికి మంచం పక్కన చెక్కపీట వేసి, దాని మీద నల్లగుడ్డ పరిచి, తల్లి చేతిని తనే సబ్బుతో కడిగి, తుడిచి, ఆ గుడ్డ మీద పెట్టేవాడు. ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఇంకో పక్క ఫోన్‌ను నిలబెట్టి వీడియో పెట్టేవాడు. ఏదో పోటీకి పంపాలనీ, దొంగ ఫొటో కాదని వాళ్లకు చూపించాలనీ చెప్పాడు. చల్లబడ్డ ఈగను చిన్న పట్టకారుతో రెక్కలు పట్టి తెచ్చి, వేడి పట్టేదాకా ఆగి, చర్మానికి ఆనించి వదిలేవాడు. పూటకు మూడో నాలుగో. కుట్టిన ప్రతి ఈగా కొంతసేపటికి మంచం కింద ఎక్కడో రాలి చచ్చేది.

"నీది మోడలింగ్ చెయ్యి అమ్మా. ఏ హీరోయిన్‌కూ గింత ఓపిక ఉండది."

"ఊర్కో కొడుకా," అని అనంతమ్మ సిగ్గుపడేది.

ఈగ వేడెక్కేదాకా మాటలు నడిచేవి. రన్‌వే మీదికి నక్క వచ్చిన సంగతి, కొత్త సూపర్‌వైజర్ టపాకాయ పేలితే తనే చెవులు మూసుకున్న సంగతి అతను చెప్పేవాడు. వాళ్ల పాత పొలంలో బావి ఎటు ఉండేదో, ఇప్పుడు దాని మీద ఏ విమానం ఆగుతుందో ఆమె చెప్పేది. అతను కెమెరా అద్దం తుడుస్తూ "ఊ, ఊ" అనేవాడు. ఆ ఊ కొట్టడం కోసం ఆమె శనివారమే కోడలిని తలకు పొయ్యమని అడిగేది. "రేపు ఫొటో ఉన్నది," అనేది. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకునేది. ఫొటోలో పడేది మూడంగుళాల చర్మం.

నేను ఒకటి రెండుసార్లు పై నుంచే అరిచాను. "అన్నా, ముల్లు వెంటనే గోటితో గీకి తీసెయ్యాలి. లేకపోతే విషం మొత్తం లోపలికి పోతుంది."

"ఒక్క నిమిషం మేడం. తిత్తి కొట్టుకునేది వీడియో తీస్తున్న. మీరు చెప్పినట్టే కొట్టుకుంటున్నది సూడున్రి!"

ఇన్నిసార్లు కుట్టిస్తే ఏదో ఒక రోజు శరీరం ఎదురు తిరుగుతుందనీ, గొంతు వాచి ఊపిరి ఆగిపోవచ్చనీ చెప్పాను. ఫోన్‌లో ఏదో వీడియో చూపించాడు. తేనెటీగ విషం పక్షవాతానికి మందని అందులో ఎవరో గడ్డపాయన చెబుతున్నాడు. "అటు ఫొటో, ఇటు వైద్యం," అన్నాడు. ఈగలను వదిలే సమయానికి నేను కిటికీ మూసేసేదాన్ని. లోపల నా ఎనిమిది నెలల పాప ఉంది. అంతకు మించి నేను చేసింది ఏమీ లేదు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం పాపను ఎత్తుకుని కిందికి వెళ్లాను. అనంతమ్మ చేయి మోచేతి దాకా వాచి, చర్మం సాగి నిగనిగలాడుతోంది. తడిగుడ్డ తెచ్చి మెల్లగా ఆనించాను. ఆమె "స్స్" అని పళ్ల మధ్య నుంచి గాలి లాగింది.

నేను గుడ్డ తీసేశాను. "అమ్మా, తెలుస్తోందా?"

ఆమె గేటు వైపు చూసింది. ఎవరూ లేరు.

"తెల్వకేంది బిడ్డా. దవాఖాన నుంచి వచ్చిన దినం నుంచీ తెలుస్తనే ఉన్నది. లేవదు, గంతే. సల్లగుంటె తెలుస్తది, వేడిగుంటె తెలుస్తది. ఈగ కుడితె సూది గుచ్చి మంట పెట్టినట్టుంటది. పండుకున్నా గుంజుతనే ఉంటది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే లేచి పోతడు గద."

"పోనీ."

"నీకేం బిడ్డా. నీ పోరి నీ సంకనే ఉన్నది," అంది. "ఆదివారం రెండు గంటలు నా ముంగట కూసుంటడు. నా చెయ్యి కడుగుతడు. నువ్వు చెప్పకు. నా మీద ఒట్టు."

నేను గోవర్ధన్‌కు చెప్పలేదు. సుమలతకు చెప్పాను. సుమలత ఆ సాయంత్రమే మొగుడిని నిలబెట్టి అడిగేసింది. ఆదివారం నన్నూ కిందికి పిలిచారు. గోవర్ధన్ చేతిలో కుట్టు సూది ఉంది.

"అమ్మా, కండ్లు మూసుకో. గుచ్చినప్పుడు చెప్పు."

అనంతమ్మ కళ్లు మూసుకుంది. అతను మణికట్టు మీద గుచ్చాడు. ఆమె కదలలేదు. బొటనవేలి మొదట్లో గుచ్చాడు. చిన్న ఎర్రటి బొట్టు లేచింది. అరచేతిలో గుచ్చాడు.

"ఎప్పుడు గుచ్చుతవ్ కొడుకా?" అంది అనంతమ్మ. "ఎంతసేపు మూసుకోవాలె?"

సుమలతకు కూడా నవ్వు ఆగలేదు. గోవర్ధన్ సూదిని పైకెత్తి మా ఇద్దరికీ చూపించాడు. "సూసిన్రా? ఉట్టిగ మా అమ్మను బద్నాం చేస్తున్నరు." ఆమె మూసిన కళ్లలో ఎడమ కంటి చివర నీళ్లు దిగడం నేను చూశాను. అతను ఆ పక్కనే ఉన్నాడు.

"అన్నా, కదిలించే నరాలు వేరు, తెలియజేసే నరాలు వేరు. ఒకటి పోయినంత మాత్రాన రెండోది పోనక్కర్లేదు," అన్నాను.

"మీరు పుస్తకంల చదివిన్రు మేడం. నేను మా అమ్మ చెయ్యిని చూస్తున్న," అన్నాడు. అని, ఫ్రిజ్ తెరిచి గ్లాసు తెచ్చాడు.

మే నెల కూడా గడిచింది. యాభైకి పైగా ఈగలు పోయాయి. అతనికి కావాల్సిన ఫొటో మాత్రం రాలేదు. ప్రతిసారీ ఈగ లేచేది, దారం సాగేది, ఫొటో తెరిచి చూస్తే అంతా మసక. ఒక్కోసారి చర్మం స్పష్టంగా ఉండి ఈగ మసకగా, ఒక్కోసారి రెండూ మసకగా. పోటీకి గడువు జూన్ రెండోవారం. అతనికి తిండి సరిగ్గా పోవడం లేదని సుమలత చెప్పింది. తల్లితో మాటలు కూడా తగ్గాయి. ఆదివారం స్టూలు మీద కూర్చుని పళ్లు కొరికేవాడు. అనంతమ్మ మాత్రం "రాకుంటే ఏమాయె, వచ్చే వారం వస్తది," అనేది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహం తేటగా ఉండేది.

ఒక సాయంత్రం గోవర్ధన్ లాప్‌టాప్ పట్టుకుని పైకి వచ్చాడు.

"మేడం, మీరు సైన్స్ చదివిన్రు. జర చూడున్రి. కెమెరా ఖరాబు లేదు, ఫ్లాష్ ఖరాబు లేదు. పీట కదలది. చెయ్యి కదలది. మరి ఎట్ల తప్పుతున్నది?"

ఫోన్‌తో తీసిన వీడియోలు వరుసగా పెట్టాడు. నేను మెల్లగా నడిపించి చూశాను. మొదటిదానిలో ఏమీ కనిపించలేదు. మూడోదానిలో కనిపించింది. మళ్లీ వెనక్కి వెళ్లి మొదటివి చూశాను. అన్నింటిలోనూ ఉంది. అతను ఈగను ఆనించి కంటిని కెమెరాకు పెట్టగానే, నల్లగుడ్డ అంచున ఉన్న అనంతమ్మ ఎడమ చిటికెన వేలు లోపలికి వంగుతోంది. ఎక్కువ కాదు, రెండు మూడు గింజల మందం. వేలు వంగితే మణికట్టు మీద నరం లేస్తుంది, నరంతో చర్మం లేస్తుంది. ఆ సన్నటి పొర తప్పిపోవడానికి అంత చాలు. అతను కన్ను తీయగానే వేలు మళ్లీ చాచుకుంటోంది.

నాకు ఒళ్లు జలదరించింది. సంతోషంతో. మూడేళ్లు కట్టెలా ఉన్న చేయి కదులుతోంది.

"అన్నా, చూడు. వేలు. అమ్మ వేలు కదులుతోంది!"

అతను తెరకు మొహం ఆనించి చూశాడు. నేను ఆగలేకపోయాను. ఇది చిన్న సంగతి కాదనీ, ఒక వేలు వచ్చిందంటే మిగతావి కూడా వచ్చే అవకాశం ఉందనీ, వెంటనే నరాల డాక్టర్‌కు చూపించాలనీ, మళ్లీ కసరత్తులు మొదలుపెట్టించాలనీ చెప్పుకుంటూ పోయాను. చేయి కోలుకుంటోందని తెలిస్తే ఇక ఏ కొడుకు దాని మీద ఈగలను వదులుతాడు అనుకున్నాను.

"అంటే చెయ్యి కదులుతున్నది," అన్నాడు గోవర్ధన్.

"అవునన్నా!"

"గదే నాకు అర్థం కాలే ఇన్ని దినాలు," అన్నాడు. అతని మొహం కూడా వెలిగింది. నాకు దండం పెట్టి, లాప్‌టాప్ మూసుకుని దిగిపోయాడు. ఒక మంచి పని చేశాననుకుని పాపకు అన్నం మెదిపాను.

ఆదివారం పొద్దున అతను శంషాబాద్ వెళ్లి క్రేప్ బ్యాండేజీ కొనుక్కొచ్చాడు. వంటింటి కత్తిపీట చెక్కంత వెడల్పున్న పలక ఒకటి కోయించుకొచ్చాడు. పై నుంచి నేను చూస్తూనే ఉన్నాను. డాక్టర్ చెప్పిన కట్టు అనుకున్నాను. అనంతమ్మ కూడా అలాగే అనుకుంది.

"ఏంది కొడుకా ఇది? డాక్టర్‌ను అడిగినవా?"

"నువ్వు కూసో అమ్మా."

చేయి కడిగాడు. తుడిచాడు. పలక మీద బోర్లా పెట్టాడు. బొటనవేలు నుంచి మొదలుపెట్టి ఒక్కో వేలినీ విడివిడిగా పలకకు చుట్టాడు. చిటికెన వేలికి రెండు చుట్లు ఎక్కువ వేశాడు. మోచేతి కింద ఇంకో కట్టు. మణికట్టు దగ్గర మూడంగుళాలు వదిలేశాడు.

"గట్టిగ కడుతున్నవు కొడుకా. గుంజుతున్నది."

ఆ మాట ఆమె నోటి నుంచి జారింది. అతను విననట్టే ముడి బిగించాడు. పలకను పీట మీద పెట్టి నల్లగుడ్డ సర్దాడు. గ్లాసు తెచ్చాడు. అప్పుడు ఆమెకు అర్థమైంది. తల ఎత్తి మా కిటికీ వైపు చూసింది. నేను పక్కకు జరిగాను.

"ఇయ్యాల వద్దు కొడుకా," అంది. "వచ్చే ఆదివారం తీద్దువు. పానం మంచిగ లేదు."

"గడువు బుధవారమే అమ్మా. ఇయ్యాల ఒక్కటే. ఒక్క ఫొటో."

"ఒక్కటి వస్తే ఇగ అయిపోయినట్టేనా?"

"అయిపోయినట్టే. నీకు రెస్టు."

ఆమె కుడిచేత్తో ఎడమచేతి కట్టును విప్పబోయింది. అతను ఆ చేతిని పట్టి మెల్లగా తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. మళ్లీ విప్పబోయింది. సుమలతను కేకేసి, "అమ్మ చెయ్యి జర పట్టు," అన్నాడు. సుమలత వంటింటి గుమ్మంలో నిలబడింది, రాలేదు. నేను దిగిపోదామని మెట్ల దాకా వెళ్లాను. గ్లాసు మూత తీస్తున్నాడు, పాప నా చంకలో ఉంది. ఆగిపోయాను.

"గోవర్ధనా," అంది అనంతమ్మ. "నాకు తెలుస్తది."

అతను పట్టకారుతో ఈగ రెక్కలు పట్టుకున్నాడు.

"అన్నీ తెలుస్తయ్ కొడుకా. మొదటి దినం నుంచీ తెలుస్తనే ఉన్నది. సూది కూడ తెల్సింది. అబద్ధమాడిన. నొప్పి పెడ్తది. వద్దు."

"నాకు తెల్సమ్మా," అన్నాడు గోవర్ధన్. "జర కదలకు."

ఈగను ఆనించి, కన్ను కెమెరాకు పెట్టాడు.

 కట్టు కింద ఆమె వేళ్లు కదలడానికి చేసిన ప్రయత్నం మెట్ల మీద నుంచి కూడా కనిపించింది. పలక కదల్లేదు. ఈగ కుట్టింది, చుట్టు తిరిగింది, లేచింది. ఫ్లాష్ వరుసగా కొట్టింది. గోవర్ధన్ కెమెరా వెనక తెరను పెద్దది చేసి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత "అబ్బా," అన్నాడు. వెళ్లి సుమలతకు చూపించాడు. మెట్ల దగ్గరికి వచ్చి నాకు చూపించాడు. అంతసేపూ ముల్లు ఆమె చర్మంలోనే ఉంది, చేయి పలకకు కట్టే ఉంది. సుమలత వచ్చి ముల్లు గీకి తీసి, కట్టు విప్పింది.

ఫొటో అద్భుతంగా వచ్చింది. అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. రెక్కల మీద సన్నటి ఈనెలు లెక్కపెట్టవచ్చు. దారం తేనె రంగులో మెరుస్తోంది. చర్మం మీద ప్రతి వెంట్రుకా నిక్కబొడుచుకుని ఉంది. నొప్పికి అలా నిలబడ్డాయని నాకు తెలుసు. వాటి వల్లే ఫొటోకు ప్రాణం వచ్చిందని గోవర్ధన్ అన్నాడు.

పోటీలో అది మొదటి ఇరవైలో నిలిచింది. కిరాణా రాజయ్య అతన్ని ఇప్పుడు ఈగల గోవర్ధన్ అనడు, ఫొటోగ్రాఫర్ అన్నా అంటాడు. సుమలత ఆ తర్వాత వారమే అత్తను నరాల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. వేళ్లకు కసరత్తులు రాసిచ్చారు. చేయించడానికి నేను మధ్యాహ్నాలు మెత్తటి రబ్బరు బంతి పట్టుకుని కిందికి వెళ్తున్నాను. అనంతమ్మ బంతిని కుడిచేత్తో తీసి మంచం మీద పక్కన పెట్టేస్తుంది.

"ఒక్కసారి వంచమ్మా. నీ వేలు వంగుతుందని నాకు తెలుసు."

"నువ్వే చెప్పినవా వానికి?"

"నేనే. నీ చేయి బాగవుతుందని..."

"మంచిగనే చెప్పినవ్," అంది. "సదువుకున్నదానివి. నీకు తెల్వకుంటె ఎవలికి తెలుస్తది?"

వానలు మొదలయ్యాక గోవర్ధన్‌కు తూనీగల పిచ్చి పట్టింది. రెండు తూనీగలు గాలిలోనే జతకట్టే ఫొటో కావాలట. ఆదివారాలు పొద్దున్నే కొత్తూరు వైపు చెరువులకు వెళ్తున్నాడు.

మొన్న ఆదివారం అతను గేటు దగ్గర బండి మీద కెమెరా సంచి కడుతున్నాడు. అనంతమ్మ మంచం మీద మంచి చీరలో ఉంది. ఎడమచేతిని తనే ఎప్పుడో కడుక్కుని ఒళ్లో పెట్టుకుంది. దాని మీద స్టీలు గ్లాసు బోర్లించి, కుడిచేత్తో నొక్కి పట్టుకుంది.

"గోవర్ధనా, ఈగ దొరికింది. ఇటు రా."

అతను తాడు ముడి వేస్తూ తల ఎత్తి చూశాడు.

"అది అయిపోయింది గదమ్మా," అన్నాడు. "తిన్నవా?"

"ఫ్రిజ్‌ల పెట్టలే. వేడి మీదనే ఉన్నది. జల్దీ కుడ్తది," అంది ఆమె.

బండి గేటు దాటింది. గ్లాసు కింద ఆమె చేయి ఒక్కసారి అదిరింది. మోచేతి నుంచి వేళ్ల దాకా, చేయి మొత్తం. ఆమె గ్లాసు తీయలేదు.